పెన్న పొంగినా, వాన నిలిచినా: నెల్లూరులో ముంపు నుంచి ఇంటిల్లిపాదీ ఎలా బయటపడాలి

రాష్ట్రంలో చాలా జిల్లాలకి వానాకాలమంటే జూన్ నుంచి సెప్టెంబరు. మనకి అలా కాదు. నెల్లూరుకి అసలు వానలు అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా ఉంటాయి, కార్తీకంలో దీపాలు పెట్టే రోజుల్లోనే అల్పపీడనం, వాయుగుండం అన్న మాటలు వినపడతాయి. కాబట్టి ఇది దసరా సెలవుల్లో చదివి, ఒక ఆదివారం పూట ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. నీళ్లు గడప దగ్గరికి వచ్చాక ఎవరికీ ఏమీ తోచదు.

ముందు: మీ ఇంటికి వచ్చేది ఏ నీళ్లు?

మన ఊళ్లో ముంపు రెండు రకాలు, రెంటికీ చేయాల్సిన పనులు వేరు. అందుకే దీంతో మొదలు పెడుతున్నాను.

ఒకటి వాన నీళ్లు. వదలకుండా కురిస్తే కాలవలు నిండిపోయి, పోయే దారి లేక వీధుల్లోనే నిలబడిపోతాయి. మాగుంట లేఅవుట్, రామలింగాపురం, ఆత్మకూరు బస్టాండు దగ్గరి రైల్వే అండర్ బ్రిడ్జిలు ముందుగా నిండుతాయి, దాంతో రైలు పట్టాలకి అటు వాళ్లు అటే, ఇటు వాళ్లు ఇటే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటేముందు మన తీరం పక్కనే నెమ్మదిగా నడిచింది, అలాంటప్పుడు వచ్చే ముంపు ఇది. ఈ నీళ్లు మెల్లగా ఎక్కుతాయి, మెల్లగా తీస్తాయి, వేగం తక్కువ గానీ మురుగు చాలా ఎక్కువ.

రెండోది పెన్న నీళ్లు. ఇది మన ఊళ్లో చుక్క వాన లేకపోయినా రావచ్చు. కడప వైపు కురిసిన వాన చెయ్యేరు, పాపాఘ్ని లాంటి ఏర్ల మీదుగా పెన్నలో కలిసి సోమశిల డ్యాముకి చేరుతుంది, అక్కడ గేట్లు ఎత్తితే మన మీదికి వస్తుంది. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర చెయ్యేటి మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ వరదలో సోమశిల నుంచి అయిదు లక్షల క్యూసెక్కులకి పైగా కిందికి వదిలారు (సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్లు పారితే ఒక క్యూసెక్కు). ఆ అంకె ఎంతో తెలియాలంటే చిన్న లెక్క: రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. అయిదు లక్షలు ఒక రోజంతా పారితే 43 టీఎంసీలు. సోమశిల నిండా పట్టేదే 78. అంటే సగం డ్యాము కంటే ఎక్కువ నీళ్లు ఒక్క రోజులో మన ఊరి పక్కనుంచి పోవాలి. పోలేక భగత్‌సింగ్ కాలనీ, జనార్దన్‌రెడ్డి కాలనీ, వెంకటేశ్వరపురం, పొర్లుకట్ట ఇళ్లలోకి వచ్చాయి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కోసుకుపోయింది, హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి.

కాబట్టి మీరు పెన్న ఒడ్డున, పొర్లుకట్టకి దగ్గరగా ఉంటే ఆకాశం చూడడం మానేసి సోమశిల ఔట్‌ఫ్లో, అంటే కిందికి వదిలే నీళ్ల అంకె, చూడండి. టీవీలో కింద స్క్రోలింగులో వస్తుంది, పేపర్లో వస్తుంది, ఫోన్‌కి విపత్తుల నిర్వహణ సంస్థ మెసేజ్‌లు వస్తాయి. ఆ అంకె లక్షల్లోకి ఎక్కుతోందంటే మీ వీధిలో ఎండ కాస్తున్నా సరే, సర్దుకోవడం మొదలు పెట్టండి. ఒంగోలు వాళ్లకి పెన్న బెడద లేదు, అక్కడ పోతురాజు కాలవ పక్కన ఉండే వాళ్లు వాన ముంపు గురించి చెప్పేవి చూసుకుంటే చాలు.

సంచి ఒకటి సిద్ధంగా ఉంచండి

కాలేజీ బ్యాగు ఒకటి చాలు. భుజాలకి తగిలించుకునేదై ఉండాలి, ఎందుకంటే నీళ్లలో నడిచేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, ఒక చేత్తో పిల్లని, ఒక చేత్తో గోడని పట్టుకోవాలి. సూట్‌కేసులు, బిందెల్లో బట్టలు, ఇవేవీ వద్దు.

అందులో ముందు పెట్టాల్సింది మందులు. ఇంట్లో బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లకి కనీసం పది రోజుల మాత్రలు, వాటితో పాటు డాక్టరు రాసిన చీటీ. మాత్రల పేర్లు చాలామందికి గుర్తుండవు, "ఆ తెల్లది, పొద్దున వేసుకునేది" అంటే మెడికల్ షాపు వాళ్లు ఏం ఇస్తారు? ఇన్సులిన్ వేసుకునే వాళ్లుంటే ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో చీటీ అంటించండి, హడావుడిలో మర్చిపోయేది అదే. డయాలసిస్‌కి వెళ్లే వాళ్లు, నెలలు నిండిన ఆడబిడ్డలు ఉంటే వాళ్ల సంగతి వేరు: తుపాను హెచ్చరిక రాగానే వాళ్లని ఆసుపత్రికి దగ్గరగా ఉండే బంధువుల ఇంటికి పంపేయండి, ముంపు వచ్చేదాకా ఆగొద్దు.

తర్వాత కాగితాలు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు, పిల్లల టెన్త్ సర్టిఫికెట్లు, ఇంటి దస్తావేజులు. మన ఇళ్లలో ఇవన్నీ బీరువా కింది సొరుగులో ఉంటాయి, నీళ్లు ముందు తడిపేది ఆ సొరుగునే. పై అరలోకి మార్చండి, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. అన్నిటినీ ఫోన్లో ఫొటో తీసి, వేరే ఊళ్లో ఉన్న అన్నకో చెల్లికో పంపించి ఉంచండి. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు లాంటివి డిజిలాకర్‌లో పెట్టుకోవచ్చు.

ఇక తిండి. పొయ్యి వెలిగించకుండా తినగలిగేవి: అటుకులు, బొరుగులు, వేయించిన పప్పులు, బెల్లం, బిస్కెట్లు, అరటిపండ్లు. పసిపిల్లలుంటే పాలపొడి. తాగే నీళ్లు మనిషికి రోజుకి మూడు లీటర్లు చొప్పున లెక్కేసి మిద్దె మీద ఉంచండి. టార్చి, పవర్ బ్యాంకు, కొంచెం చిల్లర నోట్లు. కరెంటు, సిగ్నల్ పోతే ఫోన్‌పే పనిచేయదు, ఆ రోజు పాల ప్యాకెట్టుకి కూడా నోటే కావాలి.

ఎప్పుడు బయల్దేరాలి

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇదే, చాలా కుటుంబాలు చిక్కుకుపోయేది ఇక్కడే. ఇంట్లో పెద్దాయన ఒకరు మంచం మీద కూర్చుని "ఏం కాదులే అబ్బయ్యా, నేను పుట్టినకాడి నుంచి నీళ్లు ఆ మెట్టు దాటింది లేదు" అంటారు. ఆయన చెప్పేది నిజమే, ఆయన చూసినంతలో దాటలేదు. కానీ ఆయన చిన్నప్పుడు వీధి చివర పొలాలుండేవి, నీళ్లు అటు పోయేవి, ఇప్పుడు అక్కడ ప్లాట్లు వేశారు, కాలవ మీద షాపులు కట్టారు, రోడ్డు మీద రోడ్డు వేసి వేసి ఇల్లు పల్లంలోకి పోయింది. ఆయనతో వాదన పెట్టుకోకండి, దానివల్ల టైము పోతుంది. "నాయనా, పిల్లలు భయపడుతున్నారు, నువ్వు తోడు వస్తే వాళ్లకి ధైర్యం" అని చెప్పి చూడండి. తన కోసం కదలని మనిషి మనవడి కోసం కదులుతాడు.

గుర్తు ఒకటి చెబుతాను. వాన ముంపులో నీళ్లు గడప మీదుగా రావడానికి ముందు బాత్‌రూం జాలీలోంచి వస్తాయి. ముందు గుడగుడమని చప్పుడు, తర్వాత బొద్దింకలు ఒకటొకటిగా పైకి ఎక్కుతాయి, తర్వాత నల్లటి నీళ్లు జాలీ చుట్టూ ఊరుతాయి. అప్పటికి హాల్లో నేల పొడిగానే ఉంటుంది, అందుకని ఎవరూ పట్టించుకోరు. ఆ చప్పుడు వినగానే అర్థం ఏమిటంటే, బయట కాలవ మట్టం మీ ఇంటి నేల మట్టానికి వచ్చేసింది. జాలీ మీద, కమోడ్‌లో ఇసుక నింపిన ప్లాస్టిక్ సంచి ఒక్కొక్కటి గట్టిగా అదిమి పెట్టండి, మురుగు లోపలికి రావడం కొంత ఆగుతుంది. ఆ కొంత టైములోనే మిగతా పనులు.

వాన ముంపు అయితే, మీది గట్టి మిద్దె అయితే, పైన ఉండడానికి చోటుంటే పైకి ఎక్కితే సరిపోతుంది. పెన్న నీళ్లయితే మిద్దె ఎక్కి కూర్చోవడం నా ఉద్దేశంలో ఆఖరి దారి. ఏటి నీళ్లకి వేగం ఉంటుంది, గోడ పునాది కింద మట్టి కోసేస్తుంది. మైకులో చెప్పినప్పుడే, రోడ్డు మీద ఆటో తిరుగుతున్నప్పుడే వెళ్లిపోండి. బంధువుల ఇల్లు అయితే మంచిదే, లేదంటే పునరావాస కేంద్రం. మీ వార్డుకి ఏ స్కూలు, ఏ కళ్యాణ మండపం ఇస్తారో ముందే సచివాలయంలో అడిగి ఉంచుకోండి. అక్కడికి వెళ్లడం నామోషీ అనుకునే వాళ్లు చాలామంది ఉన్నారు. అందులో నామోషీ ఏమీ లేదు, అది మీ కోసం పెట్టిందే.

ఆ అరగంటలో ఏది ముందు, ఏది వెనక

కరెంటు ముందు. కాళ్ల కింద నేల పొడిగా ఉన్నప్పుడే మెయిన్ ఆపేయండి. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో మెయిన్ ఆపినా ఇన్వర్టర్ లైన్లలో కరెంటు ఉంటూనే ఉంటుంది, దాన్ని విడిగా ఆపి, ప్లగ్ కూడా పీకాలి. బోరు మోటారు స్టార్టర్ పెరట్లో కింద బిగించి ఉంటుంది, దాన్నీ చూడండి. ఒకవేళ అప్పటికే నీళ్లలో నిలబడి ఉంటే మాత్రం ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు, 1912కి ఫోన్ చేసి వీధికి కరెంటు తీయమనండి.

గ్యాస్: రెగ్యులేటర్ తీసి, సిలిండర్‌కి మూత పెట్టి, తాడుతో కిటికీ ఊచకి కట్టేయండి. సగం ఖాళీ అయిన సిలిండర్ నీళ్ల మీద తేలుతుంది, ఇంట్లో అటూ ఇటూ గుద్దుకుంటుంది.

తర్వాత మనుషులు, ఆ సంచి. ముందు ముసలివాళ్లని, పిల్లల్ని పైకి గానీ బయటికి గానీ పంపేసి, అప్పటికీ టైము ఉంటేనే సామాన్లు. బియ్యం డబ్బా, కుట్టు మిషను, పిల్లల పుస్తకాలు అటక మీదికి. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ ఇద్దరు ముగ్గురుంటే ఇటుకల మీదికి ఎత్తండి, లేకపోతే వదిలేయండి. ఒక్కరే ఫ్రిజ్ మోయడానికి పోయి నడుం పట్టేస్తే ఆ తర్వాత మిమ్మల్ని మోయడానికి ఇద్దరు కావాలి. సోఫాల గురించి ఆలోచించొద్దు. గొడ్లుంటే పలుపు విప్పేయండి, కట్టేసి ఉన్న గొడ్డు ఎటూ పోలేదు.

బైకులు, కార్లు ముందురోజే ఫ్లైఓవర్ మీదికో మెరక వీధిలోకో మార్చాలి. ఆ పూట వాటి కోసం నీళ్లలో దిగొద్దు.

నీళ్లలో నడవాల్సి వస్తే

పారే నీళ్లు జానెడు లోతు ఉన్నా పెద్దమనిషిని పడగొట్టగలవు. అడుగు లోతు పారితే చిన్న కారు కూడా పట్టు తప్పుతుంది. అండర్ బ్రిడ్జిలోకి దిగడం అసలొద్దు, ముందు వెళ్లిన ఆటో దాటిందని మీరూ దిగొద్దు. ఊళ్లో నీళ్లలో కనపడనివి మూత లేని మ్యాన్‌హోళ్లు, కాలవ అంచులు. పొడుగాటి కర్ర ఒకటి తీసుకుని ముందు దాన్ని పోటేసి, తర్వాత అడుగేయండి. రోడ్డు మధ్యలోనే నడవండి, ఎందుకంటే కాలవ పక్కన ఉంటుంది. కరెంటు స్తంభాన్ని, దాని ఆధారపు తీగని, ట్రాన్స్‌ఫార్మర్ కంచెని పట్టుకోకండి. వట్టికాళ్లతో దిగొద్దు, గాజుపెంకు గుచ్చుకుంటే ఆ మురుగులో పుండు మానదు, టీటీ ఇంజెక్షన్ వేయించుకోవాల్సి వస్తుంది.

చిక్కుకుపోతే 112. కలెక్టరేట్ కంట్రోల్ రూం 1077, రాష్ట్ర కంట్రోల్ రూం 1070, అంబులెన్స్ 108, ఫైర్ 101. ఇవి ఫోన్లో కాదు, గోడ మీద రాసి పెట్టండి, పిల్లలకి నోటికి రావాలి. కాల్ కలవకపోతే ఎస్ఎంఎస్ పంపి చూడండి, సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు కాల్ కంటే అది పోయే అవకాశం ఎక్కువ. మెసేజ్‌లో "కాపాడండి" అని ఊరుకోకుండా వీధి, గుడి లాంటి కొండగుర్తు, ఎంతమంది ఉన్నారు, నడవలేని వాళ్లు ఎవరు అన్నవి రాయండి.

నీళ్లు తీశాక ఇంట్లో అడుగు పెట్టడం

అందరికీ తొందరగా ఉంటుంది, ఇల్లు చూసుకోవాలని. పిల్లల్ని మాత్రం మొదటి రోజు తీసుకెళ్లకండి. పగటి పూట వెళ్లండి, ఇద్దరు వెళ్లండి. తలుపు తీసి కాసేపు బయటే నిలబడండి, గ్యాస్ వాసన వస్తోందేమో చూసుకోండి.

పాములు. ఏటి నీళ్లతో, పొలాల నీళ్లతో కొట్టుకొచ్చి పొడిగా ఉన్న చోట చేరతాయి: మడత పెట్టిన పరుపుల మధ్య, బీరువా వెనక, అటక మీద, షూ లోపల. చేయి పెట్టకండి, కర్రతో కదిలించండి. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, మంత్రాలు ఏవీ వద్దు. కరిచిన కాలు గానీ చెయ్యి గానీ కదలకుండా ఉంచి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి, విరుగుడు మందు అక్కడ ఉంటుంది, ఆ మందుకి ఏ పాము అన్నది తెలియకపోయినా పర్లేదు, దాన్ని వెతుకుతూ కూర్చోవద్దు.

ఏదీ కడగక ముందు ఫొటోలు తీయండి. గోడ మీద నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయో ఒక గీత మిగులుతుంది, దాని పక్కన మనిషిని నిలబెట్టి తీయండి. పాడైన సామానుతో విడిగా, ఇంటి నంబరు కనపడేలా ఒకటి. నష్టం రాసుకోవడానికి వార్డు సచివాలయం వాళ్లు వస్తారు, ఆ రోజు మీరు ఇంట్లో లేకపోతే పేరు రాయకుండా పోయే వీలుంది. పక్కింటి వాళ్లకి నంబరు ఇచ్చి ఉంచండి, జాబితా పెట్టాక వెళ్లి పేరు చూసుకోండి, లేకపోతే అర్జీ రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. సాయం ఎంత అన్నది ప్రతిసారీ వేరుగా ఉంటుంది, వాట్సాప్‌లో తిరిగే అంకెలు నమ్మకండి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు కూడా పేరు రాయించుకోవాలి, సామాను పోయింది మీది, ఓనరుది కాదు.

బురద తడిగా ఉన్నప్పుడే తోసేయాలి. ఒండ్రు ఎండితే సిమెంటులా పట్టేస్తుంది, గునపం వేయాల్సి వస్తుంది. లోపలి గది నుంచి మొదలుపెట్టి వీధి వైపుకి పారతో, తర్వాత వైపర్‌తో లాగండి, తర్వాత సబ్బు నీళ్లు, ఆఖర్న బ్లీచింగ్ నీళ్లు. బ్లీచింగ్‌ని ఫినాయిల్‌తో గానీ యాసిడ్‌తో గానీ కలపకండి, యాసిడ్ తగిలితే విషవాయువు వస్తుంది, మూసిన బాత్‌రూంలో అది చాలా ప్రమాదం. చేతులకి తొడుగులు, కాళ్లకి బూట్లు లేకపోతే కనీసం ప్లాస్టిక్ కవర్లు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు చర్మం పగుళ్లలోంచి పోయి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం తెస్తాయి, ఒళ్లు నొప్పులు, కళ్లు ఎర్రబడడం ఉంటే మామూలు జ్వరమని మాత్ర వేసుకుని ఊరుకోకుండా డాక్టరుకి "ముంపు నీళ్లలో తిరిగాను" అని చెప్పండి. ఆ ఒక్క మాట చెబితే ఆయన దేని కోసం చూడాలో తెలుస్తుంది.

సంపు నీళ్లు మొత్తం తోడేసి, గోడలు రుద్ది, బ్లీచింగ్‌తో కడిగాకే మళ్లీ నింపాలి. అప్పటిదాకా తాగే నీళ్లు బాగా తెర్ల కాగనిచ్చి చల్లార్చినవే. కాచే వీలు లేకపోతే క్లోరిన్ బిళ్లలు, ప్యాకెట్ మీద రాసినన్ని లీటర్లకే ఒక బిళ్ల వేసి అరగంట ఆగాలి. ముంపు నీళ్లు తగిలిన బియ్యం, పిండి, మూత ఊడిన పచ్చడి జాడీ పారేయాల్సిందే. మనసొప్పదు, తెలుసు. ఏడాదికి సరిపడా పెట్టిన ఆవకాయ అయినా అంతే.

టీవీ, ఫ్రిజ్, మిక్సీ ఆరినట్టు కనపడగానే ప్లగ్ పెట్టకండి, లోపల తడి ఉంటుంది. ముందు ఎలక్ట్రీషియన్ బోర్డులు విప్పి చూడాలి, తర్వాత మెకానిక్. ఊళ్లో అందరికీ వాళ్లే కావాలి కాబట్టి ఆలస్యమవుతుంది, ఆగండి.

బండి నీళ్లలో మునిగితే కిక్ కొట్టొద్దు, కారు తాళం తిప్పొద్దు. ఇంజన్లోకి నీళ్లు పోయి ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే లోపలి రాడ్లు వంగిపోతాయి, అలా అయిన నష్టానికి మామూలు పాలసీలో ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బు ఇవ్వమనే అవకాశం ఎక్కువ. బ్యాటరీ వైరు తీసి, తోసుకుంటూ షెడ్డుకి తీసుకెళ్లండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే ఉంటే వరద నష్టానికి పైసా రాదు, వాన కాలానికి ముందే పాలసీ కాగితం తీసి చూసుకోండి.

తడిసిన దస్తావేజులు ఎండలో వేయకండి, ఇస్త్రీ పెట్టె పెట్టకండి. అతుక్కున్న పేజీలు లాగితే సిరా ఊడి వస్తుంది. బురద ఉంటే మంచినీళ్ల పళ్లెంలో ఒకసారి ముంచి తీసి, పేజీల మధ్య అచ్చులేని తెల్ల కాగితాలు పెట్టి, నీడలో ఫ్యాను గాలికి ఆరనివ్వండి, తడిసిన తెల్ల కాగితాలు మారుస్తూ ఉండండి. పెళ్లి ఫొటోలు కూడా ఒకదాని మీద ఒకటి అతుక్కోక ముందే విడదీసి, నీళ్లలో కడిగి, దండెం మీద బట్టల క్లిప్పులతో వేలాడదీస్తే చాలావరకు దక్కుతాయి. దస్తావేజు పూర్తిగా పోయినా ఇల్లు పోయినట్టు కాదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు నంబరు, సంవత్సరం చెబితే నకలు ఇస్తారు. ఆ నంబరు, సంవత్సరం ఈరోజే ఒక కాగితం మీద రాసి, వేరే ఊళ్లో ఉన్న మీ వాళ్ల దగ్గర ఒకటి ఉంచండి.